చుట్ట నిప్పు.. బంగారు సెగ

పోయిన ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఫోను మోగింది. చూస్తే మా చిన్నమ్మ కొడుకు. ఆదివారం ఏడింటికి వాడు లేవడమే ఒక వింత. ఫోన్ చెయ్యడం ఇంకో వింత.

"అక్కా, వాట్సాప్‌లో వీడియో పెట్టాను. సూసేవా?"

అప్పటికి చూడలేదు. వాడు లైన్లో ఉండగానే తెరిచాను. నిమిషంన్నర వీడియో. నీలం రంగు తెర, బొమ్మల్లో ఒక రక్తనాళం, అందులో మిలమిలా మెరుస్తూ కొట్టుకుపోతున్న బంగారు గుళికలు. పైనుంచి ఎర్రటి లేజర్ పడింది. గుళికలు వేడెక్కాయి, గడ్డ వెన్నపూసలా కరిగిపోయింది. వెనకాల క్లైమాక్స్ ఫైటుకి వేసే మ్యూజిక్. చివర్లో పెద్దక్షరాలు: 'బంగారం ఇంజెక్షన్‌తో క్యాన్సర్ మాయం! కోత లేదు, కీమో లేదు!'

"ఇది ఎక్కడ సేస్తారక్కా? హైదరాబాద్‌లోనా? ఎంతవుద్ది?"

"ఎవరికిరా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. చిన్నమ్మకి నోట్లో, అంగిలి మీద తెల్లటి మచ్చ. దాని మధ్యలో ఎర్రగా చిన్న పుండు. రెండు నెలల నుంచి ఉందట. వాడికి తెలిసింది మాత్రం ముందురోజు రాత్రే. అదీ, వేడి వేడి చారు నోట్లో పెట్టుకుని 'అమ్మో' అని అరిచి దొరికిపోయింది కాబట్టి.

ఈ కాలమ్‌లో మామూలుగా నేను ఫోన్లు, యాప్‌లు, రాకెట్ల గురించి రాస్తుంటాను. ఈ వారం కూడా వేరేదేదో అనుకున్నాను. కానీ ఇలాంటి వీడియో మీ ఫోన్లోకీ వచ్చే ఉంటుంది, రాకపోతే రేపు వస్తుంది. అందులో చెప్పింది పచ్చి అబద్ధమైతే ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. చిక్కేమిటంటే అందులో చాలా మటుకు నిజమే.

*

ముందు చిన్నమ్మ అంగిలి సంగతి.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నా, చిన్నప్పటి వాసనలు కొన్ని నన్ను వదల్లేదు. అందులో చుట్ట వాసన ఒకటి. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: చుట్ట వెలిగించి, ఆ వెలుగుతున్న కొసనే నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పొగ పీలుస్తారు. నిప్పు లోపల, చల్లటి కొస బయట. మీరు సరిగ్గానే చదివారు.

కళ్లాపి చల్లుతున్నా, ఊడుపుల్లో ఉన్నా, బట్టలు ఉతుకుతున్నా ఆవిడ నోట్లో చుట్ట అలాగే ఉండేది. చేతులు ఖాళీగా ఉంటాయి. గాలికి ఆరిపోదు. వానకి తడవదు. పని మీద బూడిద రాలదు. వేటకెళ్లే మత్స్యకారులకీ అదే సుఖం. నన్ను తిట్టాల్సి వస్తే చుట్ట బయటికి తీసి, తిట్టి, మళ్లీ నిప్పు లోపలికే పెట్టుకునేది. నాలుక కాలేది కాదు. నాకదో సర్కస్. చిన్నమ్మకి ఆ అలవాటు అమ్మమ్మ దగ్గరే, పెళ్లి కాకముందే వచ్చింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1957లోనే డి. గోవిందరెడ్డి, వి.కె. రావు అనే పరిశోధకులు కోస్తా ఆంధ్రలో అంగిలికి వచ్చే క్యాన్సర్‌కీ, నిప్పు లోపల పెట్టుకుని తాగే చుట్టకీ ఉన్న లంకెని వైద్య పత్రికలో రాశారు. 1960ల్లో బొంబాయి టాటా పరిశోధన సంస్థ వాళ్లు, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి, దేశంలో ఐదు జిల్లాల్లో 50,915 మంది పల్లె జనం నోళ్లు తెరిపించి చూశారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. మన జిల్లా లెక్క 1971లో విడిగా అచ్చయింది. చూసిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవాళ్లే. నూటికి నలభై నలుగురు అనుకోండి.

విజయనగరం వాళ్లు 'హమ్మయ్య, మా జిల్లా కాదు' అనుకోకండి. మీ జిల్లా పుట్టింది 1979లో. ఆ సర్వేనాటికి బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, చీపురుపల్లి అన్నీ శ్రీకాకుళమే.

అడ్డపొగ తాగేవాళ్ల నోట్లో వేడి ఎంత ఉంటుందో కూడా కొలిచారు. నోట్లో గాలి 120 డిగ్రీల దాకా, అంగిలి పొర 58 డిగ్రీల దాకా వెళ్తుందట. ఈ 58 అంకెని గుర్తుపెట్టుకోండి. దీంతో తర్వాత పనుంది.

*

ఇప్పుడు వీడియోలో నిజమెంతో చూద్దాం. చదవడం ఒక్క నిమిషం ఆపి, మీ ఫోన్ టార్చ్ వెయ్యండి. దాని మీద వేలు ఆనించండి.

వేలు ఎర్రగా వెలుగుతోంది కదా. టార్చ్‌లో అన్ని రంగులూ ఉన్నాయి. నీలం, ఆకుపచ్చల్ని మన రక్తం మింగేస్తుంది. ఎరుపు మాత్రం దాటుకుని ఇవతలికొస్తుంది. ఎరుపు తర్వాత కంటికి కనిపించని ఇంకో మెట్టు కాంతి ఉంది, టీవీ రిమోట్‌లోంచి వచ్చేలాంటిది. సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండే ఈ కాంతికి మన చర్మం, రక్తం, ఒంట్లో నీరు పెద్దగా అడ్డు చెప్పవు. బొత్తిగా అడ్డు చెప్పవని కాదు, ఆ సంగతి కిందకి వస్తుంది.

కాంతి ఊరికే దాటిపోతే వేడి పుట్టదు. ఎవరో ఒకరు దాన్ని మింగాలి. మే నెల ఎండలో తెల్ల చొక్కాకీ నల్ల చొక్కాకీ తేడా మీకు తెలుసు. ఈ కనిపించని కాంతికి ఒళ్లంతా తెల్ల చొక్కాలా ఉండి, క్యాన్సర్ గడ్డ ఒక్కదానికే నల్ల చొక్కా తొడిగితే? ఎండ అందరి మీదా ఒకటే, ఉడికేది మాత్రం అదొక్కటే. ఫోటోథర్మల్ చికిత్స అంటే ఇంతే. ఆ నల్ల చొక్కాయే బంగారు నానో కణం.

బంగారం పచ్చగా కదా ఉండాలి, నల్ల చొక్కా ఎలా అయిందని మీకు అనుమానం రావాలి. రాకపోతే నేనే తెప్పిస్తా. బంగారాన్ని బాగా చిన్న నలుసులు చేస్తే దాని రంగు మారిపోతుంది. 1857లోనే మైకేల్ ఫారడే అలాంటి నలుసులు కలిసిన ద్రావణం చేస్తే అది కెంపు రంగులో వచ్చింది. కాంతి అంటే ఒక ఊపు. నలుసులో ఉన్న ఎలక్ట్రాన్లు ఉయ్యాల లాంటివి. ఉయ్యాలకి సరైన లయలో తోపు పడితేనే అది ఎత్తుకెళ్తుంది, అడ్డదిడ్డంగా తోస్తే ఆగిపోతుంది. నలుసు సైజు, ఆకారం మారిస్తే ఉయ్యాల తాడు పొడవు మార్చినట్టే. ఏ రంగు కాంతికి ఊగాలో మనమే పెట్టుకోవచ్చు.

అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో నవోమీ హాలస్ చేసింది ఇదే. ఇసుకలో ఉండే సిలికాతో చిన్న గుండు చేసి, దానికి బంగారం పూత పూశారు. పలాస జీడిపప్పుకి పాకం పట్టిస్తారు చూడండి, అలాగ. లోపలి గుండు ఎంత, పూత ఎంత అన్న లెక్క మారుస్తూ, శరీరంలోంచి దూరిపోయే ఆ కనిపించని కాంతికే ఊగేలా కుదిర్చారు. మొత్తం కలిపి ఒక్కోటీ 150 నానోమీటర్లు. వెంట్రుక మందంలో వరసగా పేరిస్తే ఐదొందల దాకా పడతాయి.

వీటిని రక్తంలోకి ఎక్కిస్తే గడ్డ దగ్గరికి ఎలా వెళ్తాయి? గడ్డ కంగారుగా పెరుగుతుంది. దానికి కావాల్సిన రక్తనాళాలు కూడా కంగారు పనే, ఎలక్షన్ ముందు వేసిన రోడ్డులాగా అన్నీ సందులు. మామూలు రక్తనాళాల్లోంచి బయటికి రాలేని నలుసులు ఆ సందుల్లోంచి జారి గడ్డలో పడతాయి. 2003లో హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం దీన్ని ఎలుకల గడ్డల్లో వేడి చేసి చూపించింది. 2004లో వచ్చిన మరో పేపర్లో, చికిత్స చేసిన ఎలుకలు తొంభై రోజులు దాటాక కూడా గడ్డ లేకుండా బతికున్నాయని రాశారు.

నాకు ఇంతకన్నా నచ్చిన పని ఇంకోటి ఉంది, అది సరిగ్గా మన నోటి సంగతే కాబట్టి. అట్లాంటాలో జార్జియా టెక్‌లో ఈజిప్టులో పుట్టిన మోస్తఫా ఎల్-సయ్యద్ అనే శాస్త్రవేత్త, శాన్‌ఫ్రాన్సిస్కోలో తల, మెడ క్యాన్సర్లకి ఆపరేషన్లు చేసే ఆయన కొడుకు ఇవాన్, ఇంకొందరు కలిసి 2006లో ఒక పేపర్ అచ్చేశారు. వాళ్లు గుండులు కాకుండా బియ్యం గింజల్లా పొడుగ్గా ఉండే బంగారు కడ్డీలు వాడారు. ఆ కడ్డీలకి, క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే ఒక ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ తగిలించారు. అంటే అడ్రస్ రాసి పంపారన్నమాట. వాళ్లు తీసుకున్న క్యాన్సర్ కణాలు నోటి క్యాన్సర్‌వే. 800 నానోమీటర్ల లేజర్ వేస్తే, మంచి కణాలు చావడానికి కావాల్సినదాంట్లో సగం శక్తికే క్యాన్సర్ కణాలు చచ్చిపోయాయి. గాజు పళ్లెంలో చేసిన ప్రయోగమే అయినా, మంచి కణం పక్కనే ఉండి బతకడం దాన్లో అసలు విషయం.

*

ఇక ఆ 58 డిగ్రీల దగ్గరికి వద్దాం.

కణాల్ని 42, 43 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచితే దెబ్బతింటాయి. 50 దాటితే నిమిషాల్లో చస్తాయి. 60 దగ్గర గుడ్డు ఉడికినట్టు గట్టిపడిపోతాయి. ఫోటోథర్మల్‌లో గడ్డని తీసుకెళ్లేది కూడా ఈ యాభై, అరవైల మెట్టుకే. అంటే మా అమ్మమ్మ రోజుకి నాలుగైదు సార్లు తన అంగిలికి పెట్టిన వేడీ, హ్యూస్టన్‌లో లేజర్‌తో పెట్టిన వేడీ డిగ్రీల్లో ఇంచుమించు ఒకటే.

ఈ లెక్క మొదటిసారి పక్కపక్కన రాసుకున్నప్పుడు కాసేపు కాగితం వైపే చూస్తూ ఉండిపోయాను. ఒకే సెగ ఒకచోట జబ్బు తెస్తుంది, ఇంకోచోట జబ్బుని చంపుతుంది.

తేడా ఎక్కడుందంటే.. లేజర్ సెగ ఒకసారి, ఒకచోట, కొలత పెట్టి తగులుతుంది. అక్కడున్న కణం బతకదు. అడ్డపొగ సెగ ఎవర్నీ పూర్తిగా చంపదు. పై పొరని కాలుస్తుంది. కాలిన చోట కొత్త కణాలు పుట్టాలి. అవి పుట్టేలోపు మళ్లీ చుట్ట, మళ్లీ కాలడం. ముప్ఫై, నలభై ఏళ్లు అలా పుడుతూనే ఉండాలి, పొగాకులోని విషాలు పక్కన కూర్చుని చూస్తుండగా. కణం ఎన్నిసార్లు విడిపోతే అన్నిసార్లు దాని రాతలో తప్పు దొర్లే వీలుంది. అసలు దొంగ పొగాకు విషాలే. సెగ వాటికి తలుపు తీసి పెట్టే తోడుదొంగ.

*

"సరే అక్కా, ఎలకలకి అయింది. మనుషులకి?" తమ్ముడు అడిగిందీ ఇదే.

అయింది, కొద్దిమందికి. హాలస్ వాళ్ల బంగారు గుండులతో మనుషుల మీద మొదటి చిన్న ప్రయోగం 2008లో అమెరికాలో తల, మెడ గడ్డలు తిరగబెట్టినవాళ్ల మీదే మొదలైంది. తర్వాత దారి ప్రొస్టేట్ వైపు మళ్లింది. 2019లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ డాక్టర్లు, హాలస్ బృందం కలిసి 16 మంది మగవాళ్ల ఫలితాలు చెప్పారు. అందరికీ ప్రొస్టేట్ దాటి బయటికి పాకని క్యాన్సర్. ముందురోజు సెలైన్ ఎక్కించినట్టు బంగారు గుండులు ఎక్కించారు, మర్నాడు సన్నటి లేజర్ తీగల్ని గడ్డలోకి గుచ్చి కాంతి పంపారు. 16 మందిలో 15 మందికి చికిత్స అనుకున్నట్టు పూర్తిచేయగలిగారు.

వీడియోవాళ్లు ఇక్కడే గుటుక్కున మింగేస్తారు. 'చికిత్స పూర్తయింది' అన్నమాటని 'క్యాన్సర్ పూర్తయింది' అని చదువుతారు. ఆ రెండూ ఒకటి కాదు. ఇంకో ముక్క కూడా చూడండి: లేజర్ పైనుంచి చూపిస్తే సరిపోలేదు, తీగలు లోపలికి గుచ్చాల్సి వచ్చింది. మీ వేలు ఎర్రగా వెలిగింది కదా, ఇప్పుడు అదే టార్చ్ మీ పొట్టకి ఆనించి వెనకాల ఎవర్నైనా చూడమనండి. ఏమీ కనిపించదు. ఆ ప్రత్యేకమైన కాంతి కూడా ఒంట్లో కొద్ది మిల్లీమీటర్లు, మహా అయితే ఒకట్రెండు సెంటీమీటర్ల వరకే పనికొచ్చేంతగా వెళ్తుంది. ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌కి ఎక్కడని టార్చ్ వేస్తాం?

ఇంకో చేదు లెక్క. టొరంటో యూనివర్సిటీలో వారెన్ చాన్ బృందం 2016లో, అంతకుముందు పదేళ్లలో వచ్చిన నానో ప్రయోగాలన్నీ పోగేసి చూసింది. ఒంట్లోకి ఎక్కించిన కణాల్లో నిజంగా గడ్డకి చేరింది ఎంత? మధ్యస్థ లెక్కన (మీడియన్) చూస్తే 0.7 శాతం. వెయ్యి కణాలు పంపితే ఏడు. ఎలక్షన్ రోడ్డు సందుల కథ వినడానికి ఎంత బాగున్నా, నడిచింది అంతంత మాత్రమే. మిగతావి ఎక్కడికి పోయాయి? ఎక్కువగా కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

ఈ 'మిగతావి' అన్నమాట మన ప్రాంతంలో తేలిగ్గా తీసుకునేది కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు.. ఉద్దానం పేరు చెప్తే ఏ జబ్బు గుర్తొస్తుందో మీకు నేను చెప్పాలా? ఇక్కడ ఏ కొత్త మందు వచ్చినా మొదట అడగాల్సింది 'కిడ్నీలు తట్టుకుంటాయా' అని. మన కిడ్నీ జల్లెడలోంచి ఐదారు నానోమీటర్ల కన్నా చిన్నవే మూత్రంలోకి దిగుతాయి. 150 నానోమీటర్ల బంగారు గుండు దిగే ప్రశ్నే లేదు. అది చాలాకాలం ఒంట్లోనే ఉంటుంది. బంగారం విషం కాదు, నిజమే. అయినా ఒంట్లో ఏళ్ల తరబడి ఉండిపోయే వస్తువంటే ఎవరికైనా ఆలోచన ఉంటుంది.

ఈ ఆలోచనకి ఒక జవాబు మన దేశంలోనే మొదలైంది. అరవింద్ కుమార్ రెంగన్ అనే ఆయన ఐఐటీ బొంబాయిలో రోహిత్ శ్రీవాస్తవతో కలిసి పనిచేస్తున్నప్పుడు ఒక ఉపాయం చేశారు. సిలికా గుండు బదులు కొవ్వు బుడగ తీసుకుని దానిమీద బంగారం పట్టించారు. లేజర్ పడేదాకా నల్ల చొక్కాలా పనిచేస్తుంది. పనయ్యాక కాలేయంలో బుడగ విచ్చిపోయి, బంగారం పొడిపొడిగా పిత్తం దారినా, కిడ్నీల దారినా బయటికి పోతుంది. ఎలుకల్లో 750 నానోమీటర్ల లేజర్ వేస్తే గడ్డ పూర్తిగా పోయింది. ఇది 2015లో పేరున్న పత్రికలో వచ్చింది. ఆయన తర్వాత ఐఐటీ హైదరాబాద్‌కి వచ్చి, సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న క్యాంపస్‌లో ఈ దారిలోనే పరిశోధన సాగిస్తున్నారు. "హైదరాబాద్‌లో ఉందా" అని తమ్ముడు అడిగాడు చూడండి, ఒక రకంగా ఉంది. కానీ అక్కడున్నది ల్యాబ్. ఓపీ చీటీ రాయించుకునే చోటు కాదు.

కాంతితో నోటి క్యాన్సర్ మీద డాక్టర్లు నిజంగా వాడుతున్నది ఏదైనా ఉందా అంటే, దీనికి దగ్గర చుట్టం ఒకటి ఉంది. 2020 సెప్టెంబర్‌లో జపాన్ ప్రభుత్వం అకాలక్స్ అనే మందుకి అనుమతిచ్చింది. ఆపరేషన్‌కి లొంగని, తిరగబెట్టిన తల, మెడ క్యాన్సర్లకి వాడతారు. ఇందులో బంగారం లేదు. యాంటీబాడీకి ఒక రంగు మందు అంటించి పంపి, ఎర్ర కాంతి వేస్తారు. అది చంపేది వేడితో కాదు, కణం పై పొరని పగలగొట్టి. అయినా అడ్రస్ రాసి పంపి, కాంతితో మీట నొక్కడం అనే పద్ధతి రెండింటిదీ ఒకటే. నోరు, గొంతు లాంటి చోట్లే దీనికి మొదట ఎందుకు పనికొచ్చాయో ఊహించగలరు. అక్కడికి కాంతి చేరుతుంది.

అందుకే నాకు ఈ విద్య మీద ఆశ పోలేదు. మా ఊళ్ల అంగిళ్లు సరిగ్గా టార్చ్ తగిలే చోటే ఉన్నాయి. ఇంకో పదేళ్లకో, పదిహేనేళ్లకో మన దగ్గర ఎవరో ఒకావిడ దవడ తీయించుకోకుండా దీంతో బయటపడితే నేను ఆశ్చర్యపోను. కానీ చిన్నమ్మ పుండుకి రెండు నెలలు. దానికి పదేళ్ల టైం లేదు.

*

ఇదంతా తమ్ముడికి ఫోన్లో ఇంత వివరంగా చెప్పలేదు లెండి. "వీడియోలో ఉన్నది దొంగ కాదు, కానీ అది ఇంకా ఎక్కడా మామూలు ఆసుపత్రి వైద్యంగా రాలేదు. బంగారం ఇంజెక్షన్ ఇప్పుడే వేస్తాం, లక్షలు తెమ్మని ఎవడైనా అంటే వాడు దొంగ" అన్నాను. మధ్యాహ్నం బస్సెక్కి ఊరెళ్లాను.

చిన్నమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నన్ను చూడగానే కొడుకు మీద కేకలేసింది. "ఈడు నీకూ సెప్పీసేడేటి? నోరు పొక్కితే ఊరంతా దండోరా ఏస్తాడు!"

"ఓపాలి నోరు తెరు చిన్నమ్మా, చూస్తాను."

"నీకేటి తెలస్తాది? నువ్వు డాకటరువా?"

కాదు. ఆ మాట నిజం. ఫోన్ టార్చ్ వేశాను. అంగిలి అంతా బూడిద రంగు తెలుపు, ఎండిన చెరువు మట్టిలా పగుళ్లు. వాటి మధ్య చిన్నచిన్న ఎర్ర చుక్కలు. ఇది అడ్డపొగ తాగేవాళ్లలో చాలామందికి ఉండే రూపమే. మానేస్తే చాలామట్టుకు తగ్గేది కూడా. మన జిల్లాలో ఆ టాటా సంస్థ వాళ్లే ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి పొగాకు మాన్పించే ప్రచారం చేసి, ఎర్నాకుళం, భావనగర్‌లతో కలిపి 36 వేల మంది లెక్కలు 1986లో లాన్సెట్ పత్రికలో వేశారు. మాన్పించిన చోట కొత్త తెల్లమచ్చలు తగ్గాయి.

అయితే ఎడమ వైపు ఒకచోట అలా లేదు. చిటికెన వేలి గోరంత మేర, అంచు కాస్త లేచి, ఎర్రగా. నేను ఇక్కడ డాక్టర్ వేషం కట్టను. రెండు వారాలు దాటి మానని పుండు నోట్లో ఉంటే దాన్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. అది ఏమిటో చెప్పగలిగేది ఆ ముక్క ఒక్కటే. నా టార్చ్ కాదు, నా ఫోటో కాదు, ఏ వీడియో కాదు.

"ముక్క తీస్తే పాకిపోద్దట కదే?" అంది చిన్నమ్మ. ఆవిడ అసలు భయం బయటపడింది. ముక్క తీసినందుకు జబ్బు పాకదని, తియ్యకుండా కూర్చుంటేనే పాకుతుందని చెప్పాను. నమ్మిందో లేదో. "మీ అమ్మమ్మకి కరెంటు ఎట్టేరు కదా" అంది. రేడియేషన్‌ని మా ఊళ్లో కరెంటు పెట్టడం అంటారు. అమ్మమ్మకి అప్పటికే పుండు ముక్కు దాకా తొలిచేసింది. నీళ్లు తాగితే ముక్కులోంచి వచ్చేవి. ఆవిడ ఆసుపత్రికి వెళ్లింది ఆ తర్వాతే. నేను చూసిన సర్కస్‌కి చివర అది. ఆ సంగతి ఇంట్లో ఎవరం మాట్లాడుకోం.

"అమ్మమ్మ ఎంత లేటుగా వెళ్లిందో నీకు తెల్దా చిన్నమ్మా?" అన్నాను.

పిక్కలు తీయడం ఆపింది. ఏమీ అనలేదు.

తమ్ముడు అప్పటికే ఫోన్లో వెతుకుతున్నాడు. ఈసారి వీడియోలు కాదు. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, వైజాగ్ కేజీహెచ్, శ్రీకాకుళం రిమ్స్.. ఏది ఎప్పుడు తెరుస్తారు, వైద్యసేవ కార్డుకి ఏం కాగితాలు కావాలి. ముందు శ్రీకాకుళంలో ముక్క తీయించి, రిపోర్టుని బట్టి విశాఖ వెళ్దామని తేల్చుకున్నాం.

మంగళవారం ముక్క తీశారు. చిన్నమ్మ అనుకున్నంత నొప్పి లేదట, "సీమ కుట్టినట్టుంది, అంతే" అంది. రిపోర్టుకి వారం పైనే పడుతుందన్నారు. ఇది రాస్తున్న వేళకి ఇంకా రాలేదు.

చుట్టల కట్ట మాత్రం చూరులోంచి తీసి పెరట్లో పారేశాడట తమ్ముడు. సాయంత్రానికి అందులో రెండు తక్కువున్నాయని నిన్న ఫోన్ చేసి చెప్పాడు. రేపు మళ్లీ ఊరెళ్తున్నాను.